బేగంపేట ఉష్ణమాపకం గారికి నాంపల్లి నుంచి

మహారాజశ్రీ గరిష్ఠ ఉష్ణమాపకం గారి సముఖమునకు,
వాతావరణ కేంద్రం, బేగంపేట.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో సాయంత్రం పూట బెంచీ ఆక్రమించే మిత్రబృందం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, రోహిణి కార్తెలో ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ వైపు క్షేమానికి మాత్రం లోటుండదని తెలుసు. ఫిజిక్స్ చెప్పి రిటైరైన మా మాస్టారు మీ నివాసాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించారు.

తెల్లరంగు వేసిన చెక్కపెట్టె. నాలుగు పక్కలా గాలి ఆడేలా ఏటవాలు పలకలు. నేలకు నాలుగడుగుల ఎత్తు, కింద పచ్చిక. ఎండ పొడ సోకదు, వాన చుక్క పడదు. ఆ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్ స్కాట్లాండులో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీరట, ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్‌కు కన్నతండ్రి. కొడుకు పాఠకుల్ని నిధి కోసం సముద్రాల మీద తిప్పాడు. తండ్రి మిమ్మల్ని నీడపట్టున పడుకోబెట్టాడు. అవును, పడుకోబెట్టాడు. మీదీ మీ పక్కనున్న కనిష్ఠ ఉష్ణమాపకం గారిదీ అడ్డంగా పడుకుని చేసే ఉద్యోగమని తెలిశాక మా రైల్వే గార్డు గారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన సర్వీసంతా రైలు చివరి పెట్టెలో నిలబడే గడిచింది.

నీడలో కొలవడం తప్పని మేం అనడం లేదు. ఎండలో పెడితే గాజుగొట్టం ఎంత కాలిందో తెలుస్తుంది తప్ప గాలి వేడి తెలియదు. 1966 జూన్ 2న ఈ ఊళ్లో నమోదైన 45.5 డిగ్రీలు కూడా నీడ లెక్కే కనుక ఇవాళ్టితో పోల్చుకోగలుగుతున్నాం. శాస్త్రం దగ్గర పేచీ లేదు. పేచీ అంతా ఆ ఒక్క అంకెను పట్టుకుని ఊరు ఊరంతా మా ఎండను తేల్చేయడం దగ్గర.

ఒక్కసారి మధ్యాహ్నం రెండింటికి నాంపల్లి స్టేషన్‌లో దిగి ఆబిడ్స్ జీపీవో దాకా నడవండి. కింద తారు, పక్కన కాలిన ఇనుప షట్టర్లు. ప్రతి దుకాణం లోపలి వేడినంతా ఏసీ డబ్బాతో ఫుట్‌పాత్ మీదికి ఊదుతుంటుంది. లోపల చీరలు చల్లగా ఉంటాయి, బయట మనుషులు కమిలిపోతుంటారు. ఆదివారాలు అక్కడ పాత పుస్తకాలు పరిచే భాయ్ తలకు తడి తువాలు చుట్టుకుని, “నిఘంటువు కొనేటోడు గూడ నీడ చూస్కొని బేరం ఆడుతుండు సాబ్” అంటాడు. పేపర్లో 41 అని చూపిస్తే నవ్వి, “అది బేగంపేటది గదా” అన్నాడు. ఈ లేఖ రాయాలన్న బుద్ధి అప్పుడే పుట్టింది.

మా బృందంలో వకీల్ సాబ్ ఒకరున్నారు. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు. ఎండాకాలం కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ రూలే చెబుతున్నా, కోటు విప్పితే క్లయింటు ఫీజు కూడా కోస్తాడేమోనని ఆయన భయం. మీ శాఖ వడగాలి నిర్వచనం చదివి ఆయన మురిసిపోయారు. మైదాన ప్రాంతంలో పగటి వేడి కనీసం 40 ఉండాలి, పైగా మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేదా ఏకంగా 45 తాకాలి. “అంటే 39.9 దగ్గర కేసు నిలవదు. వడదెబ్బ తగిలినోడు రుజువు తెచ్చుకోవాలె” అన్నారు.

ఇక మా రోగాల సంగతి. మీకెందుకు అనకండి. మీ పెట్టెలో ఉన్నది పాదరసం, మా బెంచీ మీద ఉన్నవి బీపీ, షుగర్, రాళ్లు. వేడిని పట్టి చూపించడంలో మేమూ తక్కువ వాళ్లం కాదు.

గార్డు గారికి బీపీ. పొద్దున్నే నీటిమాత్ర వేసుకుంటారు, ఒంట్లో ఉప్పునూ నీటినీ బయటికి పంపడమే దాని పని. మే నెలలో అదే పని చెమట కూడా చేస్తుంది. ఇద్దరూ కలిసి తోడేస్తే ఏమవుతుంది? ఓ రోజు బెంచీ మీంచి లేవబోయి కళ్లు బైర్లు కమ్మి మళ్లీ కూలబడ్డారు. డాక్టరు మోతాదు తగ్గించి, సొంతంగా మాత్ర మానేస్తే ఊరుకోనని బెదిరించి పంపాడు. ఎండలు ముదరకముందే ఒకసారి వెళ్లి చూపించుకుంటే పోయేదానికి అంత రభస. అయినా ఎండాకాలం వస్తే మామిడిపండు గుర్తొస్తుంది గానీ మందులచీటీ ఎవరికి గుర్తొస్తుంది!

వకీల్ సాబ్‌కు కిడ్నీలో రాయి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్లు తాగమన్నారు. ఈ వేడిలో తాగిన దాంట్లో సగం చొక్కాకే పోతుంది కనుక ఇంకా ఎక్కువే తాగాలి. తాగితే వెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలి? మాకు గోడలైనా ఉన్నాయి. నాంపల్లి రోడ్డు మీద పూలూ పండ్లూ అమ్మే ఆడవాళ్లు సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చుంటారు. దాహం లేక కాదు. ఇది ఏ ఉష్ణమాపకానికీ ఎక్కని డిగ్రీ.

మాస్టారికి షుగర్. ఎండనపడి వచ్చి, పేరులో ఓఆర్ఎస్ అని ఉన్న డబ్బా పానీయం గటగటా తాగి, రాత్రికి షుగర్ చూసుకుని బెంబేలెత్తారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, మరి రెండు లవణాలు, అంతే. ఆ పేరు తగిలించుకున్న తీపినీళ్ల మీద ఈ ఊరి పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా పోరాడగా 2025 అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఆజ్ఞాపించింది. మాస్టారు తాగింది అంతకు ముందు వేసవిలో.

నా సంగతి రాయను. వయసు మళ్లిన మగవాళ్లకు అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు మనవి. మీ పక్కనే నిటారుగా నిలబడి, బుడ్డికి తడిగుడ్డ చుట్టుకున్న మీ తమ్ముడు ఒకాయన ఉన్నారట, తడిబుడ్డి ఉష్ణమాపకం. ఆయన చెప్పేది మా ఒంటికి దగ్గరి లెక్క అంటారు మాస్టారు. కుండలో నీళ్లు చల్లబడేదీ మనిషి చల్లబడేదీ ఒకే కిటుకుతో. లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. గాలిలో తేమ పెరిగితే చెమట కారుతుంది తప్ప ఆరదు. కారిన చెమట వల్ల చొక్కా తడవడమే లాభం. నైరుతి ముందు మబ్బు కమ్మిన రోజున మీరు 38కి దిగి చల్లబడిందని చాటిస్తారు, మేం ఆ రోజే ఉక్కపోతకు చచ్చేంత పనవుతుంది. తమ్ముడి అంకె మాత్రం పేపరుకెక్కదు.

రాత్రి చాకిరీ చేసే కనిష్ఠం గారికీ ఇలాంటి అన్యాయమే, ఆయన అంకెను ఎవరూ పట్టించుకోరు. పగలంతా ఎండ మింగిన స్లాబు రాత్రి పదింటికి కక్కడం మొదలెడుతుంది. భాయ్‌ది రేకుల గది. తెల్లారుజామున మూడింటికి కూడా గోడకు వీపు ఆనించలేడట. పగటి దెబ్బ నుంచి గుండె తేరుకోవాల్సింది ఆ వేళలోనే. తేరుకోకపోతే పొద్దున్నే దాన్ని గుండెపోటు అంటారు, ఎండ పేరు ఎక్కడా రాదు. 2015లో దేశంలో వడగాలులకు 2,000 మందికి పైగా పోతే అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. అవి లెక్కకెక్కిన చావులు. 2025లో తెలంగాణ వడదెబ్బను విపత్తుగా గుర్తించి 4 లక్షల పరిహారం ప్రకటించింది, సంతోషం. చల్లని పైకప్పుల విధానమైతే 2023లోనే వచ్చింది. కానీ ఇళ్లలో 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికే అది తప్పనిసరి. భాయ్ గది ఆ లెక్కలోకి రావాలంటే ఇంకెన్ని గదులు కలుపుకోవాలో!

మీ ఇరుగుపొరుగుకు ఉక్కను ఓర్చి పని చేయడం కొత్త కాదు. మీ బేగంపేటలోనే 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ దోమల్ని కోస్తూ, పంకా వేస్తే అవి ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. ఆయన చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. అయినా ఆగస్టు 20న మలేరియా గుట్టు దొరికింది. మిమ్మల్ని అంత కష్టపడమని అనం. తమ్ముడి అంకె, రాత్రి అంకె మీ అంకె పక్కనే, అంతే లావు అక్షరాల్లో వేయించండి చాలు. ఇక వకీల్ సాబ్ మాటగా ఇంకోటి: ఏడాదికొక మధ్యాహ్నం మిమ్మల్ని పెట్టెలోంచి తీసి, స్టేషన్ ముందు ఆటోస్టాండులో ఒక గంట డ్యూటీ వేయాలి. రికార్డుల కోసం కాదు, జ్ఞానం కోసం.

మృగశిర ప్రవేశించగానే ఇక్కడి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని వారి చేప ప్రసాదం. కొర్రమీను పిల్ల నోట్లో మందుముద్ద పెట్టి గొంతులో వేస్తారు, ఉబ్బసం వాళ్లు దేశం నలుమూలల నుంచి వచ్చి వరసలో నిలబడతారు. దాని గుణం మీద మా బెంచీలో రెండు పార్టీలున్నాయి, ఆ తగవు మీకొద్దు. ఆ వరస పొద్దెక్కేదాకా సాగుతుంది. డ్యూటీ అక్కడ వేయించుకున్నా అభ్యంతరం లేదు. వచ్చేటప్పుడు తమ్ముణ్ని తీసుకురండి, గుడ్డ తడపడానికి నీళ్లు మేం ఇస్తాం. చాయ్ ఖర్చు గార్డు గారిది. మాస్టారికి మాత్రం చక్కెర లేకుండా.

ఇట్లు,
బీపీ, షుగర్, కిడ్నీలో రాయి మరియు పేరు చెప్పని ఇంకో ఇబ్బంది,
పబ్లిక్ గార్డెన్స్, నాంపల్లి.