వెండినీళ్ళ మావయ్య

ఎలక్ట్రిసిటీ బోర్డులో ఏడీఈగా రిటైరైన మా మావయ్యకు తీగలూ టెర్మినళ్ళూ ఉన్న వైద్యం మీద వల్లమాలిన గురి. డాలస్‌లో ఉండే కొడుకు సూట్‌కేసులో తెచ్చిన కొల్లాయిడల్ సిల్వర్ అనే వెండినీళ్ళ సీసా అయిపోయినప్పుడు ఇంట్లోవాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు. ఆయన మాత్రం సీసా లేబుల్ రెండుసార్లు చదివి, "దీన్లో ఏముందిరా అల్లుడూ, ఎలక్ట్రాలసిస్సేగా!" అని లేచాడు.

అప్పట్నుంచీ విజయవాడలో వాళ్ళ వంటింటి గట్టు మీద మిక్సీ పక్కన ఒక గాజు గ్లాసు వెలిసింది. అందులో ఇన్వర్టర్ కోసం కొన్న బ్యాటరీ నీళ్ళు, వన్‌టౌన్‌లో తెలిసిన కంసాలి చేత లాగించిన రెండు మేలిమి వెండి తీగలు, వాటికి క్లిప్పులు, వెనకాల వరసగా మూడు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు. గంటయ్యాక వంటింట్లో లైటు ఆర్పించి, మనవడి లేజర్ లైటు గ్లాసులోకి కొడతాడు. నీళ్ళలో ఎర్రగీత కనపడితే మందు దిగినట్టు. "టిండాల్ ఎఫెక్టు! చూశావుటే?" అంటాడు. చీకట్లో పోపు మాడిపోతున్న అత్తయ్య ఏమీ చూడదు.

ఇలాంటి మావయ్య ప్రతి కాలనీకీ ఒకరుంటారు. మొన్నటిదాకా గోధుమగడ్డి రసం, నిన్నటిదాకా రాగిచెంబు. ఇప్పుడు వెండికి ప్రమోషన్ వచ్చింది. అయితే మావయ్యను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. పొద్దున వాకింగ్‌లో దొరికిన వాళ్ళందరికీ ఆయన చెప్పే భయం నిజమైనదే. "యాంటీబయాటిక్స్ పని అయిపోయిందయ్యా. 2008లో స్వీడన్‌లో ఒక పేషెంట్‌కి మొండి బాక్టీరియా పట్టుకున్నారు. అంతకుముందు మన ఢిల్లీ ఆసుపత్రిలో ఉండి వెళ్ళాడని దాని ఎంజైముకు న్యూఢిల్లీ పేరే తగిలించారు!" ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

చిక్కల్లా ఆయన స్టీలు డబ్బాతోనే. అందులో మెడికల్ షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన మాత్రల ముక్కలుంటాయి. ఒకదాని మీద పేరుండదు, ఇంకోదాని మీద ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. జలుబు చేస్తే చీటీ లేకుండా అజిత్రోమైసిన్ తెచ్చుకుంటాడు. జలుబు వైరస్ వల్ల వస్తుందనీ, దాని మీద ఆ మాత్ర పని చెయ్యదనీ చెబితే, "అందుకేగా రెండే వేసుకున్నది" అంటాడు. మిగిలినవి డబ్బాలోకి. బాక్టీరియాకు ఇంతకంటే మంచి ట్యూషన్ మాస్టారు దొరకడు.

వెండి మాటెత్తితే ఆయన దగ్గర సాక్ష్యాలకు కొదవలేదు. "ఉగ్గుగిన్నె వెండిదే ఎందుకు చేయించార్రా మనవాళ్ళు? ఒళ్ళు కాలితే ఆసుపత్రిలో రాసే తెల్ల క్రీములో ఉన్నదేంటి?" సిల్వర్ సల్ఫాడయజీన్, నిజమే. వెండి అయాన్లు గాజు పళ్ళెంలో బాక్టీరియాను చంపుతాయి, అదీ నిజమే. కానీ అది పైపూత మందు. తాగితే మన రక్తంలోనూ కడుపులోనూ ఉన్న క్లోరైడూ ప్రొటీన్లూ వెండిని దారిలోనే పట్టేస్తాయి. ఒంట్లో మిగిలింది చర్మంలో చేరి, ఎండ తగిలితే నల్లబడుతుంది. పాతకాలం ఫోటో ఫిల్ములో జరిగేది ఈ కెమిస్ట్రీయే. 1999లోనే అమెరికా ఎఫ్‌డీఏ కొల్లాయిడల్ సిల్వర్ క్షేమమనీ పనిచేస్తుందనీ ఒప్పుకునేది లేదని తేల్చేసింది. మందుకు లొంగని బాక్టీరియా వెండికి లొంగితీరాలన్న రూలూ లేదు. 1970లలో బోస్టన్‌లో ఒక ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో సిల్వర్ నైట్రేట్‌కీ, క్లోరామ్‌ఫెనికాల్‌కీ రెండింటికీ లొంగని సాల్మొనెల్లా తిష్ఠ వేసింది.

మోంటానాలో స్టాన్ జోన్స్ అనే రాజకీయ నాయకుడి కథ కూడా చెప్పాను. 2000 రాగానే కంప్యూటర్లు కూలి యాంటీబయాటిక్స్ దొరకవేమోనని ఇంట్లోనే ఈ నీళ్ళు కాచుకుని తాగి, నీలిబూడిద రంగుకు తిరిగాడు. ఆ రంగుతోనే 2002లో సెనేట్‌కు పోటీ చేశాడు.

"గెలిచాడా?"

"లేదు మావయ్యా."

"అది వెండి తప్పు కాదుగా! అయినా నీలమేఘశ్యాముడంటే మన రాముడు కాదుట్రా?"

మొన్న శ్రావణంలో ఆయన షుగరు కాలికి పుండు పడింది. వారం రోజులు వెండినీళ్ళ గుడ్డ చుట్టాడు, రెండు పూటలా తాగాడు. కాలు వాచి జ్వరం వచ్చాక కొడుకు ఫోన్‌లో కేకలేస్తే ఆసుపత్రికి వచ్చాడు. కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన పై నుంచి కిందికి 'ఆర్' అక్షరమే. "రికమెండెడ్ అనా?" అని అడిగాడు. "రెసిస్టెంట్" అన్నాడు డాక్టరు. అట్టడుగున ఒక్క మందు పక్కన మాత్రం 'ఎస్' ఉంది. పుండు శుభ్రం చేసి, ఆ ఇంజెక్షన్ రెండు వారాలు వెయ్యాలన్నారు. కాన్యులా పెట్టి ఇంటికి పంపారు. రోజూ నర్సమ్మ వచ్చి వేసేది.

పదో రోజుకి వాపు తీసింది. మర్నాడు నేను వెళ్ళేసరికి మావయ్య వరండాలో కాలు స్టూలు మీద పెట్టి, పక్కింటాయనకి వెండి మహిమ చెబుతున్నాడు. నర్సమ్మను నిన్నే మానిపించేశాడట.

"ఇంకా నాలుగు రోజుల మందుండాలి కదా మావయ్యా?"

"ఉంది. ఫ్రిజ్‌లో గుడ్ల అరలో పెట్టించాను. మీ పిల్లలకేమైనా దగ్గు గట్రా వస్తే తీసుకెళ్ళు."