గిలక కిటికీ పెద్దాయన

నల్లమాడలో ఎవ్వరైనను ఇంటికి ముగ్గుపోసిన మూడవనాటికి, పిలువకున్నను తప్పక విచ్చేయు మహనీయు డొకడు గలడు. ఇట్టివాడు మన దేశమున ఊరి కొక్కడైనను లేకపోడు. ఒకచోట బావికి తావు చూపును, ఒకచోట పెండ్లి సంబంధములు కుదుర్చును. మా పెద్దాయన కిటికీలు చెప్పును. చేతికఱ్ఱతో గోడ పొడవు కొలిచి, పడమటి దిక్కునకు మొగము త్రిప్పి, గాలిని రుచి చూచుచున్నట్లు పెదవులు చప్పరించి, "కిటికీ యాడ పెడుతుండావప్పా?" అని యడుగును. యజమాని చూపిన తావు ఏదైనను అది తప్పే.

పిమ్మట ప్రసంగము. గవాక్ష మనగా గోవు కన్ననియు, ఆంగ్లేయుల విండో పూర్వము ఉత్తరదేశపు నావికుల భాషలో గాలికన్ను అను నర్థముగల మాట యనియు, వారు గాలిని తలచిరి, మనము గోవును తలచితిమి, ఇప్పటివా రేమియు తలపకయే గోడకు కన్నము పెట్టుచున్నారనియు ఆరంభించి, ఇంగ్లండున 1696లో కిటికీలను లెక్కించి పన్ను వేసిరనియు, 1851లో దాని నెత్తివేయువఱకు ఎందఱో పన్నునకు వెఱచి కిటికీలను ఇటుకలతో పూడ్చుకొనిరనియు, అట్టి కాలమునందును అచటి కలవారు ముచ్చటపడి పెట్టించుకొన్నది నిలువున జాఱెడు సాష్ కిటికీయే యనియు నుడివి ముగించునప్పటికి, కలిపిన సిమెంటు మాలు గట్టిపడి, తాపీమేస్త్రి పార విసరి బీడీ ముట్టించియుండును.

ఆయన కీ మోహము లండను నగరము చూచి కలిగినది కాదు. కదిరి ధర్మవరముల నడుమ మీటరుగేజి బండి నడచు కాలమున, పైకెత్తి కొక్కెమునకు తగిలించు చెక్కతలుపుల కిటికీ ప్రక్కన కూర్చుండి ప్రయాణించిన బాల్యమున కలిగినది. ఆ తలుపు జాఱి వ్రేళ్లపై పడిన మచ్చను నేటికిని, ఇతరులు విద్యాపట్టమును చూపునట్లు, చూపుచుండును.

సాష్ కిటికీలోని కిటుకు నిజమునకు చక్కనిదే. రెండు అద్దపు తలుపులు గాడులలో ఒకదాని వెనుక నొకటి నిలువున జాఱును. తలుపునకు ఇరుప్రక్కల త్రాళ్లు, త్రాళ్లకు మీద గిలకలు, గిలకల కావల గోడగూటిలో కంటబడక వ్రేలాడు ఇనుపగుండ్లు. తలుపు తూకమును గుండ్ల తూకమును సరిపోవుటచే చిటికెనవ్రేల నెత్తినను ఎత్తినచోటనే నిలుచును. మీది తలుపును కొంత దించి క్రిందిదానిని కొంత ఎత్తినచో వేడిగాలి పైనుండి వెడలును, చల్లగాలి క్రిందినుండి చొచ్చును. ఆషాఢమున ఈ మెట్టపై వీచు పడమటిగాలికి కొక్కెము లూడి టపటప కొట్టుకొను ఱెక్కల కిటికీల బాధ దీనికి లేదు. గాలి పట్టుకొనుటకు ఱెక్కయే లేదు గదా. ఊరిలో ఈ మాట ఒప్పుకొన్నవాడను నేనొక్కడనే. ఒప్పుకొన్నందులకు మఱి రెండుగంటలు వినవలసివచ్చెను.

ఎవ్వరును చెవిని బెట్టకపోగా, తుదకు తన యింటనే పెట్టించెను. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన నోచని సీమలో గిలకలకు వెదుకులాట యేల? తన యెండిన బావిపై నున్న రెండింటిని ఊడదీసెను. గుండ్లకు బదులు, 1956 నాటి చట్టముతో మెట్రిక్ తూనికలు వచ్చి మూలబడిన తాతగారి అంగడి రాళ్లు దొరకెను. తలుపు తూకము మణుగు. మణుగునకు ఎనిమిది వీశెలు గనుక ప్రక్కకు నాలుగేసి వీశెలు.

వడ్ల ఆచారి త్రాడు బిగించుచు, "సామీ, నీళ్లు తోడని గిలక గాలి తోడుతుందంటారా?" అనెను.

"తోడుతుంది ఆచారీ. గాలికేమన్నా కరువా?"

కాని మీది తలుపునకు రాళ్లు చాలలేదు. దానిని మేకులతో బిగించిరి. వేడిగాలి పోవలసిన త్రోవ మూసికొనిపోయెనని పెద్దాయనకు తోచలేదు, ఆచారికి తోచెను.

"మా అవ్వ మట్టిమిద్దెకు నెత్తిన గవాచి ఉండె సామీ. వానొస్తే బండ మూసేది, లేకుంటే తీసేది. వాకిట్లో గాలి వస్తాండె, గవాచిలో ఉడుకు పోతాండె. తాడూ లేదు, గుండూ లేదు."

పెద్దాయన నాడంతయు నోరు మెదపలేదు. ఆ దినమున మూడిండ్ల గోడలు లేచినవని మేస్త్రి చెప్పుకొనును.

ఎనిమిది దినములు కిటికీ వైభవముతో నడచెను. పిలిచి పిలిచి చిటికెనవ్రేలితో ఎత్తి చూపెను. తొమ్మిదవనాడు ఉడుత త్రాడు కొఱికెను. నాలుగు వీశెలు గూటిలో గుభిల్లున కూలెను. తలుపు ఏటవాలుగా బిగిసి, మఱునాటికి రెండవ త్రాడును తెగెను. గూడు పగులగొట్టిననే గాని రాళ్లు పైకి రావని ఆచారి తేల్చెను. గోడ ముట్టనీయనని ఇల్లాలు తేల్చెను.

ఇప్పుడు ఆ తలుపు సంగటి కెలుకు కట్టె ఆనికపై నిలిచియున్నది. మధ్యాహ్నము ఎసరు పొంగినప్పుడు లోపలినుండి ఇల్లాలు కేక వేయును. ఆయన ప్రసంగము మధ్యలో ఆపి, తలుపును చేత పట్టి మెల్లగా దించి, కట్టె నందిచ్చును. వీధిలో పోవువారు మూసిన కిటికీని చూచి, పెద్దాయన యింట సంగటి ఉడుకుచున్నదని తెలిసికొని, ఆ కాసేపటిలో చప్పుడు చేయక దాటిపోవుదురు.