వన్స్‌మోర్ బాబాయి

పొన్నూరు, నిడుబ్రోలు చుట్టుపక్కల ఎక్కడ పందిరి వేసినా ముందు వరసలో, సరిగ్గా హార్మోనియానికి ఎదురుగా ఒకాయన కూర్చుని ఉంటాడు. భుజాన కండువా, జేబులో వక్కపొడి పొట్లం. ఊరందరికీ బాబాయే. శ్రీరామనవమికి చలవ పందిట్లో పానకం గ్లాసుతో కనిపిస్తాడు, శివరాత్రికి కోటప్పకొండ తిరణాళ్లలో ప్రభ కింద మెడ పైకెత్తి కనిపిస్తాడు. పిలవలేదని అలగడు. పిలిచారు గదా అని మెచ్చుకోడు.

మా గుంటూరు జిల్లాలో ఇలాంటి బాబాయి ఊరికొకడుంటాడు. వయసెంతో తేల్చడం కష్టం. చూశానన్నవన్నీ చూసుంటే వందేళ్లు దాటి ఉండాలి.

ఈలపాట రఘురామయ్య పేరెత్తితే చాలు, బాబాయి వేలు నోట్లోకి పోతుంది. సుద్దపల్లిలో పుట్టి, కృష్ణుడి వేషంలో పద్యాన్ని ఈలతో పలికించిన ఆ మహానుభావుడు 1975లోనే పోయాడు. నువ్వు చూశావా అంటే, "చూడకేంరా! వేలు నోట్లో పెట్టాడో లేదో, మైకు కూఁ అంది. అంతే, మనకు మిగిలింది మైకు ఈలే" అంటాడు. రఘురామయ్య ఈల ఎలా ఉండేదో చెప్పడు. మైకు ఎలా కూసిందో మాత్రం వీధి కుక్కలు బదులు పలికేదాకా వినిపిస్తాడు.

కిటుకంతా అక్కడే ఉంది. బాబాయికి కచేరీలు గుర్తుండవు, కచేరీలు చెడిపోవడం గుర్తుంటుంది. నాజర్ బుర్రకథ ఎలా ఉందంటే వాన సంగతి ఎత్తుకుంటాడు: "బొబ్బిలి కోట మంటల్లో ఉంది, తాండ్ర పాపారాయుడింకా రాజాంలోనే ఉన్నాడు, ఇక్కడ కుండపోత! ఇప్పటిదాకా ఆ పాపారాయుడు నా లెక్కలో బయల్దేరనే లేదు." బాగా జరిగిన కచేరీ గురించి అడిగితే "ఆఁ, పాడారు" అని వక్కపొడి వేసుకుంటాడు.

ఒక్కోసారి చెడిపోయేదాకా ఆగే ఓపిక కూడా ఉండదు. ఓసారి హరిశ్చంద్ర నాటకం, కాటిసీను. తెల్లవారుజామున మూడు. పద్యం అయి రాగం మొదలైందో లేదో బాబాయి లేచి "వన్స్‌మోర్!" అన్నాడు. పందిరంతా అందుకుంది. హరిశ్చంద్రుడికి ఉత్సాహం వచ్చింది, హార్మోనిస్టుకు పట్టుదల వచ్చింది. మూడోసారి అదే పద్యం సాగుతుండగా, చాప మీద శవమై పడున్న లోహితాస్యుడు చెంప మీద వాలిన దోమను ఫట్‌మని కొట్టి, అరచెయ్యి చూసుకుని, మళ్లీ చచ్చిపోయాడు. చంద్రమతి ఏడుపు నవ్వులోకి దిగింది. ఆ నాటకాన్ని బాబాయి ఇరవయ్యేళ్లుగా మోస్తున్నాడు. తన వన్స్‌మోర్ సంగతి మాత్రం ఎత్తడు.

ఈకాలపు ఆర్కెస్ట్రాలంటే చులకన. గాయని మంచినీళ్లు తాగుతుంటే పాట ఆగకపోవడం ఆయన కళ్లారా చూశాడు. అందులో నేనూ ఆయన పక్షమే.

మొన్న నవమికి పెద్ద ఇబ్బందే వచ్చిపడింది. మా పక్క బ్రాహ్మణకోడూరులో పుట్టిన మాధవపెద్ది సత్యం పాటలు. చెప్పిన టైముకే మొదలుపెట్టారు. మైకు కిక్కురుమనలేదు. కుర్రాడు గొంతు విప్పి, ఖంగుమని పాడాడు. బాబాయి కూర్చోలేకపోయాడు. మాటిమాటికీ ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూశాడు, మబ్బు కోసం చూశాడు, జనరేటర్‌లో డీజిలుందా అని కుర్రాళ్లను వాకబు చేశాడు. ఉందన్నారు.

"ఎట్లుంది బాబాయ్?" అన్నాను బయటికొస్తూ.

"బానే పాడాడు" అన్నాడు నీరసంగా.

మర్నాడు కాఫీ హోటల్లో చెబుతుంటే విన్నాను: లైట్లు ఒక్కసారి రెపరెపలాడాయట. ఎల్లుండికి కరెంటే పోయింది. వారం తిరిగేసరికి గాలివాన లేచి, పందిరి కూలిపోయింది. కింద చిక్కుకున్నవాళ్లలో నేను కూడా ఉన్నానట, బాబాయే చెయ్యి పట్టి లాగాడట.