బావగారు బ్యాంకా, ఎన్‌బీఎఫ్‌సీయా?

పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు, మన అప్పుల మీద మనకన్నా ఎక్కువ బెంగ పెట్టుకున్నవాళ్లు ప్రత్యక్షమవుతున్నారు. 'మీ అప్పులన్నీ కలిపి ఒకే ఈఎంఐ.' 'సగం కట్టండి, మిగతా సగం మరిచిపోండి.' 'రికవరీ వాళ్ల ఫోన్లు ఇక మేం ఎత్తుతాం, మీరు హాయిగా నిద్రపోండి.' బొమ్మలో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన రెండు చేతులూ చాచి ఆకాశంలోకి చూస్తూ నవ్వుతుంటాడు. మా తిరువూరు బస్టాండులో రోజూ దిగేవాళ్లలో అప్పు లేనివాణ్ని వెతకడం కష్టం గానీ, అప్పు తీరినవాడైనా సరే అలా చేతులు చాచి నిలబడగా చూసినవాళ్లు లేరు.

ప్రకటనలను క్షమించవచ్చు, అమ్ముకునేవాడి గోల అది. వాటి పక్కనే వచ్చే హితబోధను మాత్రం క్షమించలేం. 'నమ్మకమైన అప్పుల ఏకీకరణ సంస్థను ఎంచుకోవడం ఎలా?' అని అడిగి, జవాబులూ వాళ్లే చెబుతారు. రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి, ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చూడండి, అనుభవం ఎంతో కనుక్కోండి. కోడిని ఏ కత్తితో కోయాలో కోడినే అడిగి తెలుసుకునే ఈ మర్యాద చూస్తే కళ్లు చెమరుస్తాయి.

రిజిస్ట్రేషన్ సంగతే తీసుకోండి. కంపెనీల చట్టం కింద నమోదు చేయించుకుంటే పచ్చళ్ల కంపెనీ అయినా రిజిస్టర్డ్ కంపెనీయే. ఇంకా గట్టి రుజువు కావాలంటే ఉద్యం సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు. కేంద్ర ప్రభుత్వ చిహ్నం ఉంటుంది కాబట్టి చూడగానే దణ్ణం పెట్టబుద్ధేస్తుంది. ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా, మన వివరాలు మనమే చెప్పుకుంటే వచ్చేది. టైలరింగ్ షాపుకీ వస్తుంది, టిఫిన్ బండికీ వస్తుంది. వాళ్లు మాత్రం దాన్ని చూపించి మీ అప్పులు తీరుస్తామని అనడం లేదు. బ్యాంకుకూ, ఎన్‌బీఎఫ్‌సీకీ రిజర్వ్ బ్యాంకు లైసెన్సు కావాలి. అప్పు తానివ్వకుండా, మీ తరఫున బేరమాడి ఫీజు పుచ్చుకునేవాడికి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే లైసెన్సంటూ ఏదీ లేదు. లేని లైసెన్సును రద్దు చేసే భయం కూడా లేదు, అదో సౌఖ్యం.

అలాంటి కంపెనీ కాల్‌సెంటరు అమ్మాయికి గంపలగూడెం వైపు మిరప కౌలురైతు ఒకాయన దొరికాడనుకుందాం.

"సార్, మీకు మొత్తం ఎన్ని లోన్లు ఉన్నాయి సార్?"

"బంగారం మీద ఒకటమ్మా. మా ఇంటిది డ్వాక్రాలో ఎత్తింది ఒకటి. ఎరువుల కొట్లో ఖాతా. గుంటూరు యార్డులో కమీషన్ దుకాణం ఆయన ఇచ్చిన పెట్టుబడి. మా బావ దగ్గర రెండు రూపాయల వడ్డీకి నోటు."

"బావగారు అంటే బ్యాంకా సార్, ఎన్‌బీఎఫ్‌సీయా?"

"బావేనమ్మా. మా అక్క మొగుడు."

"ఆయన కస్టమర్ కేర్ నంబరు చెప్తారా సార్?"

ఇక్కడ ఏకీకరణ శాస్త్రం ఆగిపోతుంది. ఎరువుల కొట్టాయనకు సిబిల్ స్కోరుతో పనిలేదు, ఎవరి పొలంలో కాయ ఎంత పట్టిందో ఆయనకు ముందే తెలుసు. కమీషన్ దుకాణదారుడు ఈఎంఐ అడగడు. సరుకు అమ్మిన రోజున పట్టీలోనే అసలూ వడ్డీ కోసుకుని మిగిలింది చేతిలో పెడతాడు, మిగిలితే. కౌలురైతుకు బ్యాంకు గుమ్మం ఎక్కడమే గగనం. 2019లో కౌలు కార్డుల చట్టం వచ్చినా, ఆ కార్డు చేతికి రావాలంటే పొలం యజమాని సంతకం పెట్టాలి. ఇన్ని రకాల అప్పులను కలిపి ఒక్కటి చేస్తామన్న కంపెనీ, వాటిలో ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. ముట్టుకోగలిగింది క్రెడిట్ కార్డు బాకీని, పర్సనల్ లోనును, యాప్ అప్పును. అంటే నెల జీతం వచ్చేవాణ్ని. ఊళ్లో అందరికన్నా ముందు మునిగేవాడు వాళ్ల జాబితాలోనే లేడు.

అసలు 'అప్పులన్నీ కలిపి ఒకే అప్పు' అనేది వాళ్లేదో బెంగళూరులో కనిపెట్టినట్టు చెబుతారు గానీ, మన అరుగుల మీద తరతరాలుగా నడుస్తున్నదే. ప్రోనోటు మూడేళ్లకు కాలదోషం పడుతుంది. అందుకని గడువు దగ్గరపడగానే వడ్డీ వ్యాపారి కబురంపుతాడు. "నోటు తిరగరాద్దాం, రా." రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే మూడేళ్లకు వడ్డీ 72 వేలు. పాత నోటు చింపేసి, 1,72,000కు కొత్త నోటు మీద రెవిన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకుంటారు. ఇంకో మూడేళ్లకు అది 2,95,840. చేతికొచ్చింది లక్షే. ఆయన కనీసం కాఫీ ఇచ్చేవాడు, ప్రాసెసింగ్ ఫీజు అడిగేవాడు కాదు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ అసలే అడిగేవాడు కాదు.

అన్నిటికీ కలిపి నిజంగానే కొత్త లోను ఇప్పించినా అంతే. 3 లక్షలు 18 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 10,846 కట్టాలి. అదే అయిదేళ్లకు సాగదీస్తే 7,618. చూశారా, వాయిదా ఎంత తగ్గించామో అంటాడు కంపెనీ వాడు. మొత్తం వడ్డీ 90 వేల నుంచి 1,57,000కు పెరిగిన సంగతి ఆయన ప్రకటనలో చోటు చాలక మానేసి ఉంటాడు. '12 శాతమే' అన్నవాణ్ని ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడిగి చూడండి. అయిదేళ్ల ఫ్లాటు 12 అంటే అసలు లెక్కలో 20కి పైమాటే.

కృష్ణా జిల్లాకు ఈ పాఠం కొత్త కాదు. తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది 2022లో. అంతకుముందు మనదీ కృష్ణా జిల్లాయే. 2006 మార్చిలో జిల్లా అధికారులు మైక్రోఫైనాన్స్ సంస్థల శాఖలు దాదాపు 50 మూయించారు. వడ్డీలు, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల ఆరోపణలు అప్పటి కారణాలు. ఒక సంస్థ వారం వాయిదా కట్టడానికి ఇంకో సంస్థలో అప్పు, దాని వాయిదాకు మూడో సంస్థ. ఆడవాళ్లు ఏ కంపెనీ సాయమూ లేకుండానే అప్పులను ఏకం చేసుకుంటూ పోయారు. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ బాగోతం బయటపడింది. ప్రతిసారీ ముందు 'మీ కష్టం తీరుస్తాం' అని వచ్చినవాళ్లే.

ఇప్పుడు 'సగం మాఫీ' వ్యాపారం. దీన్ని తీరిగ్గా చూడాలి, ఎందుకంటే వాళ్ల సృజనాత్మకతంతా ఇక్కడే ఉంది. కార్డు మీద 4 లక్షల బాకీ ఉన్నవాడితో కంపెనీ మొదట చెప్పేది: కట్టడం ఆపేయండి. బ్యాంకు విసిగిపోతే బేరానికి వస్తుంది. ఈలోగా మాకు నెలకు 3 వేలు చందా కట్టండి, తగ్గించిన మొత్తంలో 15 శాతం మాది. సరే. నెలకు మూడున్నర శాతం చొప్పున ఏడాదిన్నరలో ఆ 4 లక్షలు, లేటు ఫీజులు పక్కన పెట్టినా, 7,43,000 అవుతుంది. అప్పుడు కంపెనీ వీరోచితంగా పోరాడి సగం తగ్గిస్తుంది. కట్టాల్సింది 3,71,500. చందా 54 వేలు. 'ఆదా' చేసినందుకు వాటా 55,700. రెంటి మీద జీఎస్టీ. వెరసి 5 లక్షల పైచిలుకు. 4 లక్షల అప్పు సగం మాఫీ అయి 5 లక్షలకు తీరింది! లెక్కల మాస్టారు బతికుంటే బెంచీ ఎక్కించేవాడు.

ఆ తరువాత వచ్చేవి ఉచితం. మీ క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా కట్టినవాడి ఖాతాకు 'క్లోజ్డ్', మీకు సెటిల్డ్. రేపు పిల్లాడి చదువుకు లోను కోసం వెళితే మేనేజరు దాన్నే వేలితో చూపిస్తాడు. కట్టడం ఆపిన మధ్యకాలంలో బ్యాంకు చెక్కు వేస్తే, అది బౌన్సైతే సెక్షన్ 138 కేసు వస్తుంది. ఖాతాలోంచి వాయిదా కోసుకోమని ఇచ్చిన నాచ్ ఆదేశం వెనక్కి తిరిగినా దాదాపు అదే బాధ. కోర్టు వాయిదాకు నిలబడాల్సింది మీరే. ఫోన్లు మేం ఎత్తుతామన్నవాడు ముద్దాయి బోనెక్కుతానని ఎక్కడా రాయలేదు. ఫోన్ల సంగతి కూడా, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. నెలకు 3 వేలు పెట్టి కొనుక్కునే నిద్రలో సగం ఇలా ఊరికే వచ్చేదే.

బ్యాంకుతో రాజీ అనేది బ్యాంకు సొంత విధానం ప్రకారం జరుగుతుంది. 2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు దానికి చట్రం గీసింది. వ్యవసాయ రుణాలు కానివాటికి రాజీ పడ్డాక ఆ బ్యాంకు కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదనీ అందులోనే ఉంది. మీరు దరఖాస్తు రాసి బ్రాంచిలో ఇచ్చినా అదే కమిటీ ముందుకు వెళుతుంది, కంపెనీ వాడు టై కట్టుకుని ఇచ్చినా అదే కమిటీ. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు. బ్యాంకు వినకపోతే 14448కి ఫోను చేయొచ్చు, అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, రూపాయి ఖర్చు లేదు. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. ఇక ఏ దారీ లేనివాడికి 1920 నాటి దివాలా చట్టం ఉండనే ఉంది. మన వాడుకలో ఐపీ పెట్టడం. 500 రూపాయల బాకీ ఉంటే చాలని ఆనాడు రాసింది ఇంకా అలాగే ఉంది. అదే 2016 దివాలా కోడ్‌లో 35 వేల లోపు అప్పున్న నిరుపేదకు కొత్తగా బతుకు మొదలుపెట్టుకునే వీలు రాశారు, రాసి అమలులోకి తేవడం మానేశారు. ఆ ఖాళీలోనే కదా తెల్లచొక్కా ఆయన చేతులు చాచి నిలబడింది.

వీటిలో దేనికీ ప్రకటన లేదు. లోక్ అదాలత్‌కు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు లేరు. అందుకే అవి నమ్మకమైన సంస్థల జాబితాలోకి ఎక్కవు.

అప్పులు కలపడమే తప్పని అనను. 42 శాతం కార్డు బాకీని బంగారం తాకట్టు పెట్టి తక్కువ వడ్డీతో తీర్చి, అదే రోజు కార్డును కత్తిరించినవాడు తెలివైనవాడు. కత్తిరించకుండా జేబులో పెట్టుకున్నవాడికి ఆర్నెల్లలో రెండు అప్పులుంటాయి. అది చెప్పడానికి ఎవరూ ఫీజు అడగరు, కాబట్టి ఎవరూ చెప్పరు.

అయినా సరే కంపెనీ దగ్గరకే వెళతానంటే ఒక్క పని చేయండి. వాళ్లు సంతకం పెట్టమన్న కాగితంలో ఆఖరి పేజీ, చిన్నక్షరాలది, 'ఫలితానికి సంస్థ హామీ ఇవ్వదు, చెల్లించిన ఫీజు తిరిగి ఇవ్వబడదు' అనే తరహా మాటలుండే పేజీ, తహసీల్దారు ఆఫీసు ముందు అర్జీలు రాసే ఆయన చేత తెలుగులో చదివించుకోండి. ఆయనా డబ్బు ముందే తీసుకుంటాడు. కాకపోతే చదివేశాక ఇంకో నెల చందా అడగడు.