నలభై లక్షల ముచ్చట

అసెంబ్లీ ఎన్నికల్లో అభ్యర్థి కావడానికి చట్టం చెప్పే అర్హతలు తక్కువే: 25 ఏళ్లు నిండాలి, ఓటరు జాబితాలో పేరుండాలి, 10 వేల రూపాయల డిపాజిట్ కట్టాలి. పార్టీ టికెట్టుకు రుజువైన బీ-ఫారం సంపాదించడమే అసలు పరీక్ష. అది సర్వే ప్రకారం ఇస్తామని ప్రతి పార్టీ చెబుతుంది. ఆ సర్వే ఎవరు చేశారో, ఎవరిని అడిగారో ఓటరుకు తెలియదు గానీ, చివరికి తేలేది గెలుపు గుర్రమే. ఈ గుర్రానికి పళ్లు లెక్కపెట్టరు, దాణా ఎవరు పెట్టుకుంటారని మాత్రమే అడుగుతారు. 2023 తెలంగాణ ఎన్నికల్లో బీఆర్ఎస్ 119 స్థానాలకు గాను 115 మంది పేర్లను ఆగస్టు 21న ఒక్క పూటలో చదివేసింది. కాంగ్రెస్ ఫీజు పెట్టి, వెయ్యికి పైగా దరఖాస్తులు తీసుకుని, చివరి మాట ఢిల్లీకి వదిలింది.

సర్వే లేకుండా నామినేషన్లు వేసిన చరిత్ర కూడా నల్లగొండకు ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని రైతులు వందల్లో పోటీకి దిగారు. బరిలో మొత్తం 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ప్రభుత్వం రోగం కనిపెట్టి, లోక్‌సభ డిపాజిట్‌ను ఆ ఏడే 500 నుంచి 10 వేలకు పెంచింది. నీళ్లకు మరికొంత కాలం పట్టింది.

ఇక ఖర్చు. తెలంగాణలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 2022 నుంచి 40 లక్షలు దాటరాదు. అదే ఏడు నవంబరు 3న ఉప ఎన్నిక జరిగిన మునుగోడులో ఓటర్లు సుమారు 2 లక్షల 41 వేలు. అంటే తలకు 17 రూపాయలు కూడా పడదు. ఒక చాయ్, ఒక బిస్కెట్ ప్యాకెట్. ఈ పొదుపు ఉద్యమం సాగుతుండగానే అక్కడ కోట్ల నగదు పట్టుబడింది. కొన్ని ఊళ్లలో ఓటర్లు తమకు డబ్బు అందలేదని, చెప్పినంత ఇవ్వలేదని బాహాటంగా నిలదీశారు. ఓటుకు నోటు ఇచ్చినా, తీసుకున్నా చట్టప్రకారం నేరమే. బాకీ వసూలుకు రోడ్డెక్కడం గురించి మాత్రం చట్టంలో ఏమీ రాయలేదు.

పరిమితి అభ్యర్థికే, పార్టీ చేసే సాధారణ ప్రచారానికి లేదు. పార్టీల నిధుల కోసమే 2018లో దాతల పేర్లు దాచే ఎన్నికల బాండ్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేశాక దాతల పేర్లు బయటపడ్డాయి. మునుగోడులో తలపడిన మూడు పార్టీల్లో బాండ్ల ద్వారా బీజేపీకి 6 వేల కోట్లకు పైగా, కాంగ్రెస్‌కు 1,400 కోట్లకు పైగా, బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా ముట్టాయి.

చివరి అంకం పద్దు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. రోజువారీ ఖర్చుకు తెల్ల కాగితాలు, నగదుకు గులాబీ రంగువి, బ్యాంకు లెక్కకు పసుపువి. చాయ్, సమోసా, కుర్చీ, షామియానా, డప్పుల జట్టు, అన్నిటికీ జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక ఉంటుంది. ఓటరుకిచ్చే నోట్ల కవరుకు అందులో ధర లేదు, కాబట్టి పద్దులోకీ రాదు. లెక్క సరిగ్గా ఇవ్వనివారిపై మూడేళ్ల అనర్హత వేటు పడుతుంది. పెద్ద అభ్యర్థికి ఆ భయం లేదు, లెక్కలు రాసే ఆడిటర్ ఉంటాడు. ఈ వేటుకు ఎక్కువగా దొరికేది ఓడిపోయి, డిపాజిట్ పోగొట్టుకుని, లెక్కల కాగితాలు అప్పజెప్పడం మరిచిన స్వతంత్రుడే.