ఒప్పించినందుకు మార్కుల్లేవు

ఎదుటివాణ్ణి మాటతో, రాతతో ఒప్పించడం నేర్పే కోర్సు అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఒకటుంది. కొన్నిచోట్ల రెటరిక్ అంటారు, కొన్నిచోట్ల కాంపోజిషన్ అంటారు. 1885లో హార్వర్డ్ దీన్ని మొదటి సంవత్సరం విద్యార్థుల నెత్తిన పెట్టింది. మిగతా విశ్వవిద్యాలయాలూ అదే బాట పట్టాయి. కాబోయే ఇంజనీరైనా, కాబోయే నర్సయినా చాలాచోట్ల ఈ వాకిలి దాటాల్సిందే. డల్లాస్‌లో, న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మన పిల్లలు కూడా. కోర్సుతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా దాని మార్కులతో.

సెమిస్టరు మొదట్లోనే విద్యార్థి చేతిలో ఒక గళ్ళ కాగితం పెడతారు. దాని నామధేయం రూబ్రిక్. థీసిస్ స్పష్టంగా ఉంటే ఇన్ని మార్కులు, ఆధారాలకు ఇన్ని, పేరాల వరసకు ఇన్ని, అవతలి వాదాన్ని మర్యాదకోసం ఓసారి పలకరించి పంపినందుకు ఇన్ని, ఎం.ఎల్.ఏ. పద్ధతిలో చుక్కలూ కామాలూ తప్పకుండా మూలాలు చూపినందుకు ఇన్ని. కూడితే నూరు. చదివినవాడి మనసు మారిందా అనే గడి మాత్రం ఎక్కడా కనపడదు. పెడితే కొలవాలిగా మరి!

ఈ విద్యకు ఆదిగురువుల్లో ఒకడైన ప్రొటాగరస్ ఇలాంటి కాగితాలు పంచలేదు. రోమన్ రచయిత ఔలస్ గెలియస్ చెప్పిన కథ ఒకటుంది. యుయాత్లస్ అనే శిష్యుడు సగం ఫీజు ముందు కట్టాడు, మిగతా సగం మొదటి కేసు గెలిచాక ఇస్తానన్నాడు. చదువు పూర్తయింది, శిష్యుడు కేసే పట్టడు. గురువు దావా వేశాడు. "నేను గెలిస్తే తీర్పు ప్రకారం కడతావు, ఓడితే నువ్వు మొదటి కేసు గెలిచినట్టే కనక ఒప్పందం ప్రకారం కడతావు" అన్నాడు. శిష్యుడు అదే తర్కాన్ని తిరగేసి గురువుగారికే వడ్డించాడు. న్యాయమూర్తులు తలలు పట్టుకుని కేసును ఎక్కడికో వాయిదా వేశారు. నా లెక్కన ఆ శిష్యుడు డిస్టింక్షన్లో పాసైనట్టు. ఇవాళ్టి రూబ్రిక్ లెక్కన అయితే అతగాడు ఆలస్యంగా సమర్పించాడు, ఒక్క మూలమూ చూపలేదు, పైగా గురువుగారి వాదాన్నే ఎత్తుకున్నాడు. ఎఫ్.

"అలాగైతే రాయబారంలో శ్రీకృష్ణుడికి సున్నా వేస్తారా? దుర్యోధనుడు ఒప్పుకోలేదు కదా!" అని పంతుళ్ళు అడగొచ్చు. మంచి ప్రశ్నే. కాని తిరుపతి వేంకట కవుల నాటకంలో ఆ పద్యాలకు మార్కులు వేసింది దుర్యోధనుడు కాదు. తెల్లవార్లూ నేలమీద కూచుని వన్స్‌మోర్లు కొట్టిన జనం. అసలు ఆ జంటకవులు అవధానులు. అవధానంలో పృచ్ఛకులు ఎదురుగా కూచుని అడుగడుక్కీ అడ్డం పడతారు, సభ అక్కడికక్కడే తేల్చేస్తుంది. అమెరికా క్లాసులో సభ ఉండదు. ఒక్క పాఠకుడుంటాడు. అతగాడు కూడా చదవడానికి కాదు, టిక్కులు పెట్టడానికి.

ఈ కాగితం పుట్టుక ఇంకా కమ్మని కథ. 1961లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ తరఫున పాల్ డీడరిక్ బృందం కాలేజీలో అప్పుడే చేరిన పిల్లల వ్యాసాలు 300 తీసుకుని 53 మందితో దిద్దించింది. అందులో పంతుళ్ళున్నారు, సంపాదకులున్నారు, లాయర్లున్నారు, వ్యాపారస్తులున్నారు. గ్రేడ్లు మొత్తం తొమ్మిది. నూటికి 94 వ్యాసాలకు కనీసం ఏడు రకాల గ్రేడ్లు పడ్డాయి. అయిదు రకాలకు తక్కువ పడిన వ్యాసం ఒక్కటీ లేదు. పదిమంది పదిరకాలుగా చదువుతారని ఇంత సాక్ష్యం దొరికాక బుద్ధిమంతుడెవడైనా పిల్లవాడి భవిష్యత్తు ఒక్కరి పెన్నుకు అప్పగించడం మానేస్తాడు. విద్యావ్యవస్థ మాత్రం పెన్ను అలాగే ఉంచి, పట్టుకున్నవాడి అభిప్రాయాన్ని ఊడబెరికింది. డీడరిక్ బృందం ఆ తగువుల్లోంచి ఏరిన అంశాలే తర్వాత తర్వాత గళ్ళయ్యాయి. ఇప్పుడు సెమిస్టరు మొదట్లో పంతుళ్ళందర్నీ ఒక గదిలో కూచోబెట్టి, ఒకే వ్యాసానికి ఒకే మార్కు వేసేదాకా తర్ఫీదు ఇస్తారు. నార్మింగ్ అంటారు దాన్ని. అందరిచేతా ఒకే అంకె పలికించాక, చూశారా, ఎంత నిష్పాక్షికమో అని మురిసిపోతారు.

కాలేజీ గుమ్మం బయటి కథా ఇదే. శాట్ పరీక్షలో 2005లో పాతిక నిమిషాల వ్యాసం పెట్టారు. అప్పట్లో ఎం.ఐ.టి.లో రచన నేర్పుతున్న లెస్ పెరెల్‌మన్ పరిశీలించి, వ్యాసం ఎంత పొడుగుంటే అంత మార్కులు పడుతున్నాయని, రాసినవి తప్పుడు విషయాలైనా కోత లేదని బయటపెట్టాడు. అడిషనల్ షీట్ల మీద అడిషనల్ షీట్లు దారంతో కుట్టించుకున్న మన ఇంటర్మీడియట్ వీరులకు ఈ రహస్యం చెప్పడానికి ఎం.ఐ.టి. అక్కర్లేదనుకోండి. 2014లో ఆయనే కొందరు విద్యార్థులతో కలిసి, రెండు మూడు పదాలిస్తే గంభీరమైన అర్థరహిత వ్యాసం అల్లిపెట్టే బాబెల్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. ఆ చెత్తను వ్యాసాలు దిద్దే ఒక యంత్రానికి ఇస్తే ఆరుకు 5.4 వేసింది. యంత్రం తప్పేముంది? గళ్ళు నిండాయి, మార్కులు రాలాయి.

ఇది నచ్చనివాళ్ళు లేకపోలేదు. 2009లో జేన్ డానియెలెవిచ్, పీటర్ ఎల్బో గ్రేడు ఒప్పందం ప్రతిపాదించారు. చెప్పిన పనులన్నీ శ్రద్ధగా చేస్తే బి గ్రేడు ఖాయం. తర్వాత అసావ్ ఇనోయే శ్రమనే కొలబద్ద చేశాడు. ఉద్దేశం గొప్పదే, ఇంటి భాష వేరైన పిల్లలకు అందులో ఊరట ఉంది. కాని చివరికి మిగిలింది ఉపాధి హామీ మస్టరు. ఎంత తవ్వావన్నదే లెక్క, నీళ్ళు పడ్డాయా అన్నది కాదు. టెక్సాస్‌లో మార్గరెట్ సైవర్సన్ ప్రచారం చేసిన లెర్నింగ్ రికార్డ్ కొంత నయం. అందులో తన గ్రేడు ఎంతో విద్యార్థే ఆధారాలతో వాదించుకోవాలి. అక్కడైనా ఒక్క మనిషిని ఒప్పించక తప్పదు.

ఆ ఒక్క మనిషి సంగతి కూడా చెప్పుకోవాలి. క్లాసుకు ఇరవైమందికి మించొద్దని, టర్ముకు ఒక్కరికి అరవైమంది దాటొద్దని కాంపోజిషన్ పంతుళ్ళ జాతీయ సంఘమే చెబుతోంది. అరవై వ్యాసాలు, ఒక్కోదానికి ఇరవై నిమిషాలంటే ఒక్క అసైన్‌మెంటుకే ఇరవై గంటలు. దిద్దేవాళ్ళలో చాలామంది ఉద్యోగ భద్రత లేని కోర్సు కూలీలు, రెండు మూడు కాలేజీల మధ్య కారు తోలుకుంటూ బతికేవాళ్ళు. టిక్కులు పెట్టక వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? వాళ్ళను నేననను. అనాల్సింది డబ్బు చేతిలో ఉన్నవాళ్ళను. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్ళందరిలోకీ ఎక్కువ తీసుకునేది యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచో, బాస్కెట్‌బాల్ కోచో. ఆయనకు రూబ్రిక్ లేదు. పరుగు ఎంత స్పష్టంగా ఉంది, ఎదుటి జట్టును ఎంత మర్యాదగా ప్రస్తావించాడు అని ఎవరూ అడగరు. గెలిచాడా లేదా, అంతే.

అక్కడ పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. రెటరిక్‌లో బి ఎందుకొచ్చిందని వాణ్ణి నిలదీసేముందు ఆ గళ్ళ కాగితం తెప్పించుకుని చదవండి. పాఠకుణ్ణి ఒప్పించినందుకు అందులో ఒక్క మార్కయినా ఉంటే వాణ్ణి తిట్టండి. లేకపోతే మీ ఫీజు తీసుకున్నవాళ్ళకు ఉత్తరం రాయండి.