నిన్న రాత్రి పనిచేసింది

కంచరపాలెం ఊర్వశి జంక్షన్ దగ్గర టీ తాగుతున్న కుర్రాళ్లలో క్లబ్ సెక్రటరీ ఎవరో ఎవర్నీ అడగక్కర్లేదు. మెళ్లో రెండు ఐడీ కార్డులు వేలాడుతుంటే అతనే. ఒకటి కాలేజీ ఇచ్చింది. రెండోది టెక్నికల్ క్లబ్ తరఫున తనకి తనే సంతకం పెట్టి ఇచ్చుకున్నది. జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉంటుంది. వేళ్ల మీద సోల్డరింగ్ చురకలు, ఒక్కో చురకకీ ఒక్కో కథ.

పాలిటెక్నిక్, ఐటీఐ రెండూ ఉన్న పేట కంచరపాలెం. రైల్వేలోనో పోర్టులోనో పనిచేసే మనిషి లేని వీధి ఉండదు, స్పానర్ లేని ఇల్లూ ఉండదు. పేరులోనే కంచర పని ఉండనే ఉంది. కాబట్టి ఇలాంటి సెక్రటరీలకి ఇక్కడ కరువు లేదు. పాతవాడు పాసై వెళ్లిపోతే ఆ స్టూలు మీదే కొత్తవాడు కూర్చుంటాడు. మనిషి మారతాడు గానీ మాట మారదు: "నిన్న రాత్రి పనిచేసింది సార్."

క్లబ్బన్నాక ముందు లోగో కావాలి. లోగో అంటే పళ్లచక్రం, మధ్యలో బల్బు. బల్బులో మెదడు పెట్టాలా, రాకెట్ పెట్టాలా అని మూడు వారాలు తగువు. ఆ తర్వాత టీషర్టులు. చందాల్లో టీషర్టులకి పోగా మిగిలిన చిల్లరతో రోబో. అందుకే దానికి దక్కేది మల్టీమీటరులో వేసుకునే చిన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీ. రెండు మోటార్లూ ఒక్కసారి కరెంటు లాగేసరికి వోల్టేజి కూలబడుతుంది, ఆర్డ్యునో బోర్డు ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి మొదలెడుతుంది. చూసేవాళ్లకి రోబోకి తుమ్మొచ్చినట్టుంటుంది. ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో 2005లో, విద్యార్థులకి చవగ్గా అందాలని తయారుచేసిన బోర్డు అది. ఎంత చవకైనా, కాల్చిన ప్రతి బోర్డుకీ మళ్లీ చందా వేసుకోవాల్సిందే.

ఎగ్జిబిషన్ రోజు రోబో చెయ్యాల్సిన పని పెద్దదేమీ కాదు. తెల్ల ఫ్లెక్సీ మీద అంటించిన నల్ల టేపు వెంట నడవాలి, అంతే. దాని కడుపు కింద రెండు సెన్సార్లు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని కిందకి కొడతాయి. తెలుపు దాన్ని తిప్పికొడుతుంది, నలుపు మింగేస్తుంది. ఎంత వెలుగు వెనక్కొస్తే తెలుపనుకోవాలో చెప్పడానికి ఓ బుల్లి నీలం మర ఉంటుంది. సెక్రటరీ ఆ మరని రాత్రి పదకొండింటికి, ట్యూబ్‌లైట్ కింద, ఊపిరి బిగబట్టి తిప్పాడు. ట్యూబ్‌లైట్‌లో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు. పగటి ఎండలో అదే బోలెడు. పొద్దున్న పదింటికి, ముఖ్య అతిథి గారికి గాలి ఆడాలని ఎవరో కిటికీ తలుపులు బార్లా తెరిచారు. ఎండ ఫ్లెక్సీ మీద పడింది. రోబోకి లోకమంతా తెల్లగా కనిపించింది. టేపు వదిలేసి, ఫ్లెక్సీ దాటి, తిన్నగా వెళ్లి అతిథి గారి బూటుని పొడిచింది.

"నిన్న రాత్రి..." అని సెక్రటరీ మొదలెట్టాడు. "పనిచేసింది," అని వెనక నిలబడ్డ జూనియర్లు పూర్తిచేశారు.

2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో నటించినవాళ్లు చాలామంది ఈ పేటవాళ్లే. అంతకుముందు కెమెరా మొహం చూడనివాళ్లు కూడా తడబడకుండా చేశారు. నలుగురు చూస్తే కాళ్లాడనిది వీళ్ల రోబోకే.

సెక్రటరీని ఏమైనా అంటే అమెరికా కథ తీస్తాడు. 2004 మార్చి 13న మొహావీ ఎడారిలో డార్పా అనే రక్షణ పరిశోధన సంస్థ వాళ్లు డ్రైవరు లేని బళ్లకి పందెం పెట్టారు. దారి 142 మైళ్లు, బహుమతి 10 లక్షల డాలర్లు. అందరికంటే ముందుకెళ్లిన కార్నెగీ మెలన్ బండి ఏడు మైళ్లు దాటి, ఓ మలుపులో గట్టు మీద ఇరుక్కుంది. అంటే కంచరపాలెంలో బయల్దేరి ఇంచుమించు గాజువాక దగ్గర ఆగిపోయినట్టు. "వాళ్లకే అవ్వలేదు సార్!" అంటాడు గొప్పగా. మరుసటి ఏడు అదే పోటీలో అయిదు బళ్లు గమ్యం చేరిన సంగతి మాత్రం పొరపాటున కూడా ఎత్తడు.

పాపం, అతని చేతిలో ఏదీ పనిచెయ్యదనడం కూడా అన్యాయమే. వినాయక చవితికి వీధి పందిట్లో పరుగెత్తే లైట్లు అతనివే. 555 టైమరు, 4017 కౌంటరు, ఓ చెక్కపలక. తొమ్మిది రాత్రులు కన్నార్పకుండా పరుగెడతాయి. ఆ సంగతి మెచ్చుకుంటే చిన్నబుచ్చుకుంటాడు. "అది ప్రాజెక్టేటి సార్, సీరియల్ లైట్లు," అంటాడు. అతని లెక్కలో ప్రాజెక్టంటే బాహా కారు. ఇంజనీరింగ్ కాలేజీలవాళ్లు తమ చేత్తో కట్టిన బండిని గుంటల్లో, గుట్టల్లో తోలే ఆ పోటీ మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. దానికోసం ఇప్పటివరకు పాత సామాన్ల కొట్లో ఒక స్టీరింగు కొన్నాడు. అది మంచం కింద ఉంది.

అతనికి లోకోషెడ్‌లో చేసి రిటైరైన మావయ్య ఒకాయన ఉన్నాడు. బూటు సంగతి విని నవ్వలేదు. "రాత్రి తిరిగిందని ఇంజన్ని పొద్దున్న లైనెక్కించేస్తారేట్రా? ఎండలో పెట్టి సూడు," అన్నాడు. అగరొత్తుల డబ్బా కత్తిరించి, సెన్సార్ల చుట్టూ లంగాలా కట్టి, ఎండ పడకుండా చేశాడు. ఆదివారం మిట్టమధ్యాహ్నం మేడ మీద ఫ్లెక్సీ పరిచారు. రోబో టేపు పట్టుకుని మూడు చుట్లు తిరిగింది. చూసింది మావయ్య, పిట్టగోడ మీద ఓ కాకి. వీడియో తీద్దామంటే ఫోను కింద చార్జింగులో ఉంది. మెట్లు దిగి తెచ్చేలోపు బ్యాటరీ అయిపోయింది.

సోమవారం పొద్దున్న సెక్రటరీ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. "నిన్న మధ్యాహ్నం పనిచేసింది సార్."